సొంత అచ్చు – 8: అయిదు డాలర్ల చందా

1952 నవంబరులో న్యూయార్కులో ‘డైలీ కంపాస్’ అనే దినపత్రిక మూతపడింది. పత్రికలు పుట్టడం, పోవడం ఆ నగరానికి కొత్త కాదు. పోయినవాటి కోసం కన్నీళ్లు పెట్టుకునే తీరికా అక్కడ ఎవరికీ ఉండదు. కానీ అందులో రాజకీయ వ్యాఖ్య రాసే ఐ.ఎఫ్. స్టోన్‌కి మాత్రం దాంతో అన్ని తలుపులూ మూసుకుపోయాయి. నాలుగున్నరేళ్లలో ఆయన కాళ్ల కింద నుంచి జారిపోయిన మూడో పత్రిక అది. మరుసటి నెలకు నలభై అయిదేళ్లు నిండుతాయి. చెవులు సరిగా వినపడవు, కళ్లకు సోడాబుడ్డి అద్దాలు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. పైగా అది సెనెటర్ మెకార్తీ పేరు చెబితే ప్రొఫెసర్లు, సినిమా రచయితలు, ప్రభుత్వ గుమాస్తాలు హడలిపోతున్న కాలం. ఎప్పుడో ఒక ఎర్ర సభలో కూర్చున్నారన్న అనుమానం చాలు, ఉద్యోగం ఊడడానికి. వామపక్షీయుడని ముద్రపడ్డ స్టోన్‌ను పిలిచి కుర్చీ వేసే పెద్ద పత్రిక అప్పుడు అమెరికాలో లేదనే చెప్పాలి.

రెండు నెలలు తిరిగేసరికి, 1953 జనవరి 17 తేదీతో, వాషింగ్టన్ నుంచి నాలుగు పేజీల వారపత్రిక ఒకటి వెలువడింది. పేరు ‘ఐ.ఎఫ్. స్టోన్స్ వీక్లీ’. విలేఖరి, సంపాదకుడు, ప్రూఫులు దిద్దేవాడు, ప్రచురణకర్త అన్నీ ఆయనే. చందాలు రాసుకోవడం, చిరునామాలు చూసుకోవడం, డబ్బు లెక్కలు భార్య ఎస్తర్‌వి. ఆ తర్వాత మూడు రోజులకే ఐసెన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. మెకార్తీ ప్రాభవం ఇంకా శిఖరానికి చేరలేదు, చేరబోతోంది. పత్రిక పెట్టడానికి అంతకంటే చెడ్డ ముహూర్తం ఎవరూ వెతికి పట్టుకోలేరు.

స్టోన్ గురించి రాసేవాళ్లంతా ఇక్కడ ఆయన ధైర్యాన్ని పొగుడుతారు. ధైర్యం ఉంది, కాదనను. అయితే ధైర్యంతో మొదటి సంచిక వస్తుంది, యాభయ్యో సంచిక రాదు. దానికి లెక్క కావాలి. ఆ లెక్కను గత భాగంలో మనం చూసిన జార్జ్ సెల్డెస్ దగ్గర స్టోన్ నేర్చుకున్నాడు. సెల్డెస్ నడిపిన ‘ఇన్ ఫ్యాక్ట్’ ప్రకటనలు లేకుండా, చందాల మీదే 1940 నుంచి 1950 వరకు బతికింది. ఒక దశలో దాని సర్క్యులేషన్ 1,76,000 దాకా వెళ్లింది. చివరికి మెకార్తీ కాలపు భయం దాన్ని మింగేసింది. చందాదారులు చందా కట్టడం కంటే, తమ పేరు ఆ జాబితాలో ఉండడానికే జంకారు. సెల్డెస్ ఎక్కడ ఆగిపోయాడో స్టోన్ అక్కడ మొదలుపెట్టాడు. కాకపోతే చిన్న కొలతలో.

కంపాస్ మూతపడ్డప్పుడు చేతికొచ్చిన పరిహారం 3,500 డాలర్లు. ఒక మిత్రుడు వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పు 3,000 డాలర్లు. ఇదే పెట్టుబడి. మూతపడ్డ మూడు పత్రికల చందాదారుల జాబితాలు, తన పుస్తకాలు కొన్నవాళ్ల చిరునామాలు సంపాదించి అందరికీ ఉత్తరాలు పంపాడు. 5,300 మంది చందా కట్టారు. తలా అయిదు డాలర్లు, ఏడాదికి. అంటే మొత్తం 26,500 డాలర్లు. అచ్చు, కాగితం, తపాలా, ఇంటి ఖర్చు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఆ తొలి చందాదారుల్లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, బెర్ట్రండ్ రసెల్ ఉన్నారు. ఆ పేర్లు చెప్పుకోవడానికి బాగుంటాయి గానీ, పత్రికను నిలబెట్టింది చిన్న ఊళ్ల బడిపంతుళ్లు, లాయర్లు, పాతకాలపు ఉదారవాదులు. చుట్టుపక్కల ఎవరితోనూ మనసులో మాట చెప్పుకోలేక, వారానికోసారి వచ్చే ఆ నాలుగు పేజీల కోసం ఎదురుచూసినవాళ్లు.

తెలుగులో చిన్న పత్రిక నడిపిన ఎవరినైనా అడగండి, చందా గడువు ముగిసినవాళ్ల చేత మళ్లీ కట్టించడం ఎంత యాతనో చెబుతారు. స్టోన్ చందాదారులు ఏడాదికేడాది కడుతూనే వచ్చారు. వాళ్లు ఉన్నంతకాలం ఆయన మీద ఇంకెవరి పెత్తనమూ సాగదు. ప్రకటనలు లేవు కాబట్టి ప్రకటనదారు అలగడు. యజమాని లేడు కాబట్టి పని నుంచి తీసేసే చెయ్యి లేదు. భద్రత కోసం తాపత్రయపడే ప్రభుత్వోద్యోగమూ కాదు. మెకార్తీ తనను పిలిచి విచారించినా ఊడగొట్టడానికి ఏమీ మిగల్లేదు. అన్నీ ముందే ఊడిపోయాయి. అమెరికాలో అప్పుడు నోరు మెదపగలిగిన కొద్దిమందిలో ఆయన ఒకడు కావడానికి ఈ ఏర్పాటు కారణం.

పత్రిక పిచ్చి ఆయనకు ఈ వయసులో పుట్టింది కాదు. ఇసిడోర్ ఫైన్‌స్టైన్ అన్నది అసలు పేరు. రష్యా నుంచి వలస వచ్చిన యూదు దంపతులకు 1907 డిసెంబరు 24న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. దగ్గర్లోని హాడన్‌ఫీల్డ్ అనే చిన్న పట్నంలో తండ్రికి బట్టల దుకాణం. పద్నాలుగేళ్ల వయసులో, 1922లో, ‘ది ప్రోగ్రెస్’ పేరుతో కుర్రవాడు సొంత పత్రిక పెట్టాడు. సైకిలు మీద ఊళ్లోని దుకాణాలన్నీ తిరిగి తనే ప్రకటనలు తెచ్చుకున్నాడు. అందులో నానాజాతి సమితిని సమర్థించాడు, పత్రికాధిపతి హర్స్ట్‌ను తిట్టాడు, గాంధీని వెనకేసుకొచ్చాడు. మన పెదనందిపాడు రైతులు పన్ను కట్టేది లేదని భీష్మించుకు కూర్చున్న ఏడాదిలో, న్యూజెర్సీలో ఒక బట్టల కొట్టు వాడి కొడుకు గాంధీ పక్షాన కలం పట్టాడన్నమాట. మూడు సంచికలయ్యాక, చదువు చట్టుబండలవుతోందని తండ్రి ఆపించేశాడు. తండ్రి భయం ఉత్తది కాదు. హైస్కూలు పూర్తిచేసేనాటికి యాభై రెండు మంది తరగతిలో ఇతనిది నలభై తొమ్మిదో స్థానం.

యూనివర్సిటీలో చేరాడు, మధ్యలో మానేశాడు. ఫిలడెల్ఫియా ప్రాంతపు దినపత్రికల్లో పని నేర్చుకున్నాడు. 1933లో ‘న్యూయార్క్ పోస్ట్’లో సంపాదకీయాలు రాసే ఉద్యోగం దొరికింది. 1937లో ఇంటిపేరు స్టోన్‌గా మార్చుకున్నాడు. హిట్లర్ గురించి హెచ్చరిస్తూ రాసే మాటల్ని యూదుడి గోల అని కొట్టిపారేస్తారని ఆయన భయం. తర్వాత్తర్వాత ఆ మార్పు గురించి కొంచెం సిగ్గుపడేవాడు. స్నేహితులందరికీ చివరి దాకా ‘ఇజ్జీ’యే. పోస్ట్ తర్వాత ‘ది నేషన్’కు వాషింగ్టన్ సంపాదకుడు, ‘పీఎం’ అనే దినపత్రికకు రచయిత. ఈ పీఎంది విచిత్రమైన కథ. మార్షల్ ఫీల్డ్ అనే కోటీశ్వరుడి డబ్బుతో, ప్రకటనలు వేయకుండా నడిచిన న్యూయార్కు దినపత్రిక అది. కోటీశ్వరుడి ఓపిక అయిపోగానే చేతులు మారింది, 1948లో పోయింది. ఒక్క దాత మీద ఆధారపడడానికీ, వేలమంది అయిదేసి డాలర్ల మీద ఆధారపడడానికీ తేడా స్టోన్‌కి అక్కడ ఒంటికి పట్టి ఉంటుంది.

1940ల మొదట్లో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు వెళతాను. వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్‌కు స్టోన్ ఒక అతిథిని భోజనానికి తీసుకెళ్లాడు. ఆయన విలియం హేస్టీ, అమెరికాలో ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతీయుడు. క్లబ్బు వాళ్లు వడ్డించలేదు. స్టోన్ క్లబ్బుకు రాజీనామా ఇచ్చి బయటికొచ్చాడు. వాషింగ్టన్ విలేఖరులకు ఆ క్లబ్బే రచ్చబండ. మంత్రులు, సెనెటర్లు, వాళ్ల కార్యదర్శులు చెవిలో వేసే కబుర్లన్నీ అక్కడే దొరుకుతాయి. ఆ దారి ఆయన తనంతట తానే మూసేసుకున్నాడు. చెవుల సంగతి ముందే చెప్పాను. విలేఖరుల సమావేశంలో వెనక వరసలో కూర్చుంటే ఒక్క ముక్క వినపడదు. విననివాడు ఏం చేస్తాడు? చదువుతాడు.

స్టోన్ వృత్తి రహస్యమంతా ఇదే. సభాకమిటీల ముందు సాక్ష్యాలు జరిగేటప్పుడు మిగతా విలేఖరులు అక్కడ కూర్చుని, మధ్యాహ్నానికి వార్త పంపేసి వెళ్లిపోయేవాళ్లు. స్టోన్ రెండు మూడు రోజులాగి, ఆ సాక్ష్యాల పూర్తి పాఠం తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాడు. కాంగ్రెస్ చర్చల అధికారిక నివేదిక, బడ్జెట్ కాగితాలు, రక్షణ శాఖ అనుబంధాలు, ఎవరూ తెరవని కమిటీ నివేదికలు. రోజూ పొద్దున్నే దేశవిదేశాల దినపత్రికలు కట్టలు కట్టలుగా తిరగేసి, కత్తిరింపులు చేసుకునేవాడు. నెబ్రాస్కా అవెన్యూలోని ఆయన ఇల్లు కాగితాల గోదాములా ఉండేదట. సర్కారు పెద్ద అబద్ధాన్ని మొదటి పేజీలో చెబుతుంది, దాన్ని బయటపెట్టే నిజాన్ని ఎక్కడో నూటనలభయ్యో పేజీలో తనే అచ్చేసుకుంటుంది. ఆ పేజీ దాకా ఎవరూ రారని దాని ధీమా. స్టోన్ నమ్మకం ఇది. అలా దొరికిన వాక్యాన్ని కత్తిరించి, పత్రికలో బాక్సు కట్టి, పక్కనే అదే అధికారి ఆరు నెలల కింద చెప్పిన మాట పెట్టేవాడు. పైన ఒక చమత్కారపు శీర్షిక. వ్యాఖ్య ఉండేది కాదు, అక్కర్లేదు.

పత్రిక రూపంలో కూడా ఒక జిత్తు ఉంది. రాసే విషయం అంత ఘాటు కదా, పెద్దక్షరాల శీర్షికలు, కార్టూన్లు, ఆశ్చర్యార్థకాలు ఉంటాయనుకుంటాం. అవేవీ లేవు. పొందికైన పాతకాలపు అచ్చు, చూడడానికి బ్యాంకు నివేదికలా. దాన్ని చేతిలో పట్టుకుని రైల్లో కూర్చున్నవాణ్ణి ఎవరూ అనుమానించరు.

ఈ పద్ధతి ఎలా పనిచేసేదో చెప్పడానికి ఒక కథ చాలు. 1957 సెప్టెంబరు 19న నెవాడా ఎడారిలో అమెరికా మొదటిసారి ఒక అణుపరీక్షను పూర్తిగా భూగర్భంలో జరిపింది. దాని పేరు ‘రెయినియర్’. అణుపరీక్షల మీద నిషేధం గురించి రష్యాతో చర్చలు నడుస్తున్న రోజులవి. హైడ్రోజన్ బాంబు శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టెల్లర్ లాంటివాళ్లు నిషేధం వద్దంటున్నారు. వాళ్ల వాదన ఒకటే: భూమిలోపల పేలిస్తే బయటివాళ్లు పసిగట్టలేరు, రష్యా దొంగతనంగా పరీక్షలు చేసుకుంటుంది. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ వార్త వేసింది. పేలుడును కొన్ని వందల మైళ్ల దాకా తప్ప ఎవరూ గుర్తించలేదని అధికారుల మాట. కానీ ఆ వార్త చివర రెండేసి వాక్యాల తోక వార్తలు కొన్ని ఉన్నాయి. టొరంటోలో ప్రకంపన నమోదైందట, రోమ్‌లో అయిందట, టోక్యోలో అయిందట. స్టోన్ కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ఊళ్లకు తంతులిచ్చి కనుక్కుందామంటే డబ్బులేదు. కత్తిరింపు తీసి దాచుకున్నాడు.

ఆరు నెలలు గడిచాయి. 1958 మార్చిలో సెనెట్ ఉపసంఘం ముందు, ఐసెన్‌హోవర్‌కు నిరాయుధీకరణ సలహాదారుగా పనిచేసిన హెరాల్డ్ స్టాసెన్ సాక్ష్యమిచ్చాడు. నిఘా కేంద్రాలను వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఒక్కొక్కటి పెడితే చాలు, రష్యా కూడా ఒప్పుకునేలా ఉంది అన్నాడు. ఆ వారంలోనే అణుశక్తి సంఘం రెయినియర్ మీద తన నివేదిక విడుదల చేసింది. పేలుడు ప్రకంపన 200 మైళ్లు దాటి ఎక్కడా నమోదు కాలేదని అందులో ఉంది. స్టాసెన్ మాటకు గొడ్డలిపెట్టు అది. స్టోన్ దాచిన కత్తిరింపు బయటికి తీశాడు. వాషింగ్టన్‌లో భూకంపాల సంగతి ఎవరు చూస్తారని ఆరా తీస్తే, వాణిజ్య శాఖలో తీర సర్వే కార్యాలయం ఒకటి ఉందని తేలింది. వెళ్లాడు. అక్కడి భూకంప శాస్త్రజ్ఞులు, పాపం, తమ గుమ్మంలో విలేఖరి కాలు పెట్టగా ఎన్నడూ చూసి ఉండరు. సంతోషంగా కూర్చోబెట్టి కాగితాలు ముందు పెట్టారు. రోమ్, టోక్యో సంగతి తాము నిర్ధారించలేమన్నారు గానీ, అమెరికాలోని తమ కేంద్రాల్లో మాత్రం స్పష్టంగా నమోదైందన్నారు. ఆర్కన్సాలో 1,200 మైళ్ల దూరాన. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో 2,300 మైళ్ల దూరాన!

200 ఎక్కడ, 2,300 ఎక్కడ. స్టోన్ అణుశక్తి సంఘానికి ఫోన్ చేసి ఈ తేడా ఏమిటని అడిగాడు. ఆయన ఆరా తీస్తున్న సంగతి ఆ సరికే అక్కడికి పాకింది. కాసేపటికి, పొరపాటు జరిగిందని సంఘం సవరణ విడుదల చేసింది. పొరపాటో, ఏర్పాటో పాఠకుల విచక్షణకే వదిలేస్తాను. విలేఖరుల సైన్యాలున్న దినపత్రికలన్నిటి కళ్లముందూ ఆ తోక వార్తలు ఉన్నాయి. ఆ వార్త అచ్చేసిన పత్రికే దాన్ని మళ్లీ చదువుకోలేదు. అక్కడ పనిచేసింది రహస్య మిత్రుడు కాదు, లీకు కాదు. దాచుకున్న ఒక కాగితం ముక్క, ఒక బస్సు ప్రయాణమంత శ్రమ.

వియత్నాం దగ్గరికొచ్చేసరికి ఇదే పద్ధతి దేశాన్ని కదిపే స్థాయికి వచ్చింది. 1964 ఆగస్టులో టోంకిన్ అఖాతంలో తమ నౌకల మీద ఉత్తర వియత్నాం పడవలు దాడి చేశాయని జాన్సన్ ప్రభుత్వం ప్రకటించింది. ప్రతినిధుల సభలో 416–0, సెనెట్‌లో 88–2 ఓట్లతో యుద్ధాధికారం చేతికిచ్చేశారు. పెద్ద పత్రికలన్నీ భుజాలు చరిచాయి. వ్యతిరేకించిన ఇద్దరు సెనెటర్లలో ఒకడు వేన్ మోర్స్. దాడికి ముందు ఉత్తర వియత్నాం దీవుల మీద దక్షిణ వియత్నాం పడవలు కాల్పులు జరిపాయని, అమెరికన్ నౌకలు ఆ దరిదాపుల్లోనే ఉన్నాయని మోర్స్ సెనెట్‌లో మొత్తుకున్నాడు. పెద్ద పత్రికలు ఆ మాటను పక్కనబెట్టాయి, స్టోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఆగస్టు 4న జరిగిందన్న రెండో దాడి అసలు జరగనే లేదని అమెరికా గూఢచార సంస్థ సొంత చరిత్రకారుడే రాసుకున్న పత్రం 2005లో బయటపడింది.

1965 ఫిబ్రవరి చివర విదేశాంగ శాఖ ఒక శ్వేతపత్రం తెచ్చింది. దక్షిణ వియత్నాంలోని తిరుగుబాటు స్థానికం కాదు, ఉత్తరాది నుంచి ఆయుధాలతో సహా ఎగుమతి అవుతోందని దాని సారాంశం. బాంబుదాడులకు అదే సమర్థన. స్టోన్ మొదట వెనక అనుబంధం తెరిచాడు. గెరిల్లాల నుంచి పట్టుకున్న కమ్యూనిస్టు దేశాల తయారీ ఆయుధాల జాబితా అందులో ఉంది. సోవియట్ తుపాకులు ఇన్ని, చెక్ తుపాకులు ఇన్ని, చైనా మోర్టార్లు నాలుగు. అన్నీ కూడితే 179. పద్దెనిమిది నెలల్లో దొరికినవి. మరి ఆ కాలంలో మొత్తం ఎన్ని ఆయుధాలు పట్టుకున్నారు? ఈ లెక్క శ్వేతపత్రంలో లేదు. స్టోన్ రక్షణ శాఖను అడిగాడు. వాళ్లు ఇచ్చారు! 1962 నుంచి 1964 దాకా మూడేళ్లలో పట్టుకున్నవి 15,100, అదే సమయంలో గెరిల్లాలు సర్కారు సేన నుంచి గుంజుకున్నవి 27,400. మూడేళ్ల 15,100లో సగం, అంటే దాదాపు 7,500, ఆ పద్దెనిమిది నెలలవి అనుకుంటే 179 అనేది రెండున్నర శాతం కూడా కాదు. గెరిల్లాలకు ఆయుధాలు సరఫరా చేస్తున్న అతిపెద్ద దేశం, ఈ లెక్క ప్రకారం, అమెరికాయే. మార్చి 8 సంచిక నిండా ఈ జవాబే. ఒక కూడిక, ఒక భాగహారం, ఒక ఫోన్ కాల్. మహా యుద్ధానికి చెప్పిన సాకును అంత చౌకగా చిత్తు చేసిన రచన పత్రికా చరిత్రలో ఇంకొకటి నాకు తెలియదు.

అప్పటికే విద్యార్థులు ఆయన మాట వింటున్నారు. 1964 డిసెంబరులో ఎస్‌డీఎస్ అనే విద్యార్థి సంఘం సమావేశంలో స్టోన్ వియత్నాం చరిత్ర మీద మాట్లాడాడు. వాషింగ్టన్‌లో యుద్ధ వ్యతిరేక ప్రదర్శన జరపాలన్న నిర్ణయం ఆ సమావేశంలోనే పుట్టింది. 1965 ఏప్రిల్ 17న ఇరవై వేలకు పైగా జనం కదిలారు. అప్పటికి అంత పెద్ద ప్రదర్శన ఆ యుద్ధం మీద జరగలేదు. వేదిక మీద మాట్లాడినవాళ్లలో స్టోన్ ఉన్నాడు. తాతల వయసువాడి పత్రికను మనవల వయసువాళ్లు చందా కట్టి చదవడం మొదలైంది. అయిదు వేల మూడొందలతో మొదలైన పత్రిక మూసేనాటికి డెబ్భై వేల దరిదాపుల్లో ఉంది. చందా మాత్రం ఆ అయిదు డాలర్లే.

పొగడ్త ఇంతటితో ఆపి, రెండో వైపు చూడాలి. 1952లో, వీక్లీకి ముందు, స్టోన్ కొరియా యుద్ధం మీద ఒక పుస్తకం రాశాడు, ‘ది హిడెన్ హిస్టరీ ఆఫ్ ది కొరియన్ వార్’. ప్రచురణకర్తలు జంకితే, ‘మంత్లీ రివ్యూ’ అనే వామపక్ష పత్రిక వాళ్లు ప్రచురణ సంస్థ పెట్టి తమ మొదటి పుస్తకంగా వేశారు. పద్ధతి అదే. అమెరికన్ సైనిక ప్రకటనలు, పత్రికా వార్తలు పక్కపక్కన పెట్టి, వాటిలోని వైరుధ్యాలు పట్టుకుని, యుద్ధానికి కారణం ఉత్తర కొరియా దండయాత్ర ఒక్కటే కాదేమో, దక్షిణాది వాళ్లూ అమెరికన్లూ దాన్ని కోరుకుని రెచ్చగొట్టారేమో అన్న అనుమానం నాటాడు. 1990లలో సోవియట్ పత్రాలు బయటికొచ్చాయి. దాడికి ఉత్తర కొరియా నేత కిమ్ ఇల్ సుంగ్ అనుమతి అడిగాడు, స్టాలిన్ ఇచ్చాడు. స్టోన్ అనుమానం నిలబడలేదు.

ఇది ఒక్క పుస్తకపు తప్పుగా కొట్టేయడం నాకు ఇష్టం లేదు. రెయినియర్ కథను గెలిపించిన సాధనమే ఇక్కడ ఆయన్ని ముంచింది. సర్కారు కాగితాల్ని వాటితోనే ఢీకొట్టించే విద్య, కాగితాలు అచ్చేసి అమ్మే సర్కారు మీదే పనిచేస్తుంది. అమెరికా ప్రభుత్వం అబద్ధాలాడింది నిజమే, కానీ దాని శాస్త్రజ్ఞుడి తలుపు తడితే కాగితం చూపించాడు, దాని రక్షణ శాఖకు ఫోన్ చేస్తే అంకె చెప్పారు. మాస్కోలో ఏ తలుపు తడతాం? ప్యాంగ్యాంగ్‌లో ఏ సభా నివేదిక తిరగేస్తాం? తన దగ్గరున్న కాగితాలన్నీ ఒక వైపువే కాబట్టి, దొరికిన అబద్ధాలన్నీ ఒక వైపువే అయ్యాయి. మొదటి పేజీలో అబద్ధాలు దొరికిన ప్రతిచోటా వెనక కుట్ర ఉంటుందని ఆయన అనుకున్నాడు. కొన్నిసార్లు ఉన్నది ఉత్త గందరగోళమే.

1930లలో సోవియట్ రష్యా పట్ల ఆయన చూపిన మెత్తదనం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫాసిజాన్ని ఎదిరించేది అదొక్కటే అనుకున్న తరం ఆయనది. 1939లో స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు మండిపడ్డాడు, యుద్ధకాలంలో మళ్లీ సర్దుకున్నాడు. 1956లో స్వయంగా మాస్కో వెళ్లి చూసి వచ్చాక మాత్రం దాచుకోలేదు. అది మంచి సమాజమూ కాదు, దాన్ని నడిపేవాళ్లు నిజాయతీపరులూ కాదు అనే అర్థంలో రాశాడు. వందల మంది చందాదారులు అలిగి వెళ్లిపోయారు. చందాల మీద బతికేవాడికి ప్రకటనదారుడి అలక ఉండదన్నాను గానీ, చందాదారుడి అలక ఉంటుంది. అది ఇంకా నొప్పి, తిట్లతో సహా సొంత చేత్తో ఉత్తరం రాస్తాడు. పదకొండేళ్ల తర్వాత ఇదే మళ్లీ జరిగింది. 1946లో యూదు శరణార్థులతో కలిసి దొంగ ఓడలో పాలస్తీనా వెళ్లి పుస్తకం రాసిన మనిషి, ఇజ్రాయెల్ పుట్టుకను వేడుకగా చూసినవాడు, 1967 యుద్ధం తర్వాత పాలస్తీనా అరబ్బుల న్యాయం గురించి రాశాడు. సొంతవాళ్లే మొహం తిప్పుకున్నారు. తన పాఠకుల్ని రెండుసార్లు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డవాడిని ఒక పక్షపు బాకా అని అనలేం.

ఎఫ్‌బీఐ మాత్రం అలాగే అనుకుంది. దాని అధిపతి హూవర్ మనుషులు ఏళ్ల తరబడి ఆయన్ని వెంటాడి, ఉత్తరాలు చూసి, చెత్తబుట్ట కూడా వెతికి, అయిదు వేల పేజీల పైచిలుకు దస్త్రం తయారుచేశారు. దేశద్రోహం ఏదీ దొరకలేదు. దొరికేదేమిటి, ఆయన రాసేదంతా అయిదు డాలర్లకు ఎవరికైనా దొరుకుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే, అదే ప్రభుత్వపు తపాలా శాఖ వీక్లీకి తక్కువ రేటుకు పత్రికలు పంపుకునే రెండో తరగతి అనుమతి ఏ పేచీ లేకుండా ఇచ్చింది. ఆ రాయితీ లేకపోతే పత్రిక ఆరు నెలలు కూడా నిలిచేది కాదు. స్టోన్ ఆ సంగతి దాచకుండా చెప్పుకున్నాడు, తన దేశం మీద ఆయనకున్న నమ్మకానికి అది కూడా ఒక కారణం. మెకార్తీ కాలంలో ఒక ఎర్ర ముద్ర పత్రికను ప్రభుత్వమే రాయితీ మీద ఇంటింటికీ చేర్చింది.

ఆయన చనిపోయాక ఇంకో రగడ లేచింది. సోవియట్ గూఢచారి సంస్థ పాత రాతల్లో ఆయన పేరు కనిపిస్తోందని, 1936 నుంచి 1938 మధ్య వాళ్లకు సహకరించాడని 2009లో వచ్చిన ‘స్పైస్’ అనే పుస్తకం ఆరోపించింది. విలేఖరి ఒక రాయబార ఉద్యోగితో భోజనం చేసి కబుర్లాడినా ఆ రాతల్లో అలాగే నమోదవుతుందని, రహస్యాలు అందించిన దాఖలా ఏదీ లేదని ఆయన జీవిత చరిత్రకారులు మైరా మెక్‌ఫర్సన్, డి.డి. గుటెన్‌ప్లాన్ వాదించారు. నాకు రెండో వాదన బలంగా కనిపిస్తోంది. అయినా ముప్పైలలో ఆయన మాస్కో మీద పెట్టుకున్న ఆశ నిజం కాబట్టి, ఈ ప్రశ్న అడగడమే పాపం అనే అభిమానులతో ఏకీభవించలేను. ఇంకొకరి విషయంలో అయితే స్టోన్ తప్పకుండా అడిగేవాడు.

గుండెజబ్బు వచ్చాక 1968 నుంచి వారపత్రిక పక్షపత్రిక అయింది. 1971 డిసెంబరులో, అత్యధిక చందాదారులు ఉన్న దశలో, అప్పులేవీ లేకుండా, ఆయనే మూసేశాడు. నడపలేక మూసేసినవాళ్లే ఎక్కువగా కనిపించే ఈ ధారావాహికలో ఇది అరుదైన సంగతి. 1973లో జెర్రీ బ్రక్ అనే యువకుడు పత్రిక మీద తీసిన డాక్యుమెంటరీ కాలేజీల్లో విస్తారంగా ఆడింది. ఎన్నడో వదిలేసి వచ్చిన ప్రెస్ క్లబ్ 1981లో ఆయన్ని మళ్లీ సభ్యుణ్ణి చేసుకుంది.

విశ్రాంతిలో భావప్రకటనా స్వేచ్ఛ చరిత్ర రాయాలనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలని వెనక్కి వెళ్తూ వెళ్తూ ప్రాచీన ఏథెన్స్ దగ్గర ఆగాడు. అనువాదాల మీద నమ్మకం కుదరక, డెబ్భై ఏళ్ల దగ్గర పడ్డాక గ్రీకు నేర్చుకున్నాడు. మూలపత్రం చదవనిదే రాయకూడదన్న పట్టు అక్కడా వదల్లేదు. 1988లో ‘ది ట్రయల్ ఆఫ్ సోక్రటీస్’ వచ్చింది. మాట్లాడినందుకు మనిషిని చంపిన ప్రజాస్వామ్యం మీద ఆయన కోపగించుకుంటాడని అందరూ అనుకుంటారు. కోపగించుకున్నాడు, కానీ ప్లేటో ఒక్కడి సాక్ష్యం మీద తీర్పు చెప్పనన్నాడు. సోక్రటీస్ జీవితమంతా ప్రజాపాలనను ఎద్దేవా చేశాడని, విచారణలో వాక్‌స్వాతంత్ర్యం పేరెత్తి ఉంటే జ్యూరీ వదిలేసేదేనని, తను ఈసడించే ప్రజాస్వామ్యపు సూత్రాన్ని అడ్డం పెట్టుకోవడం ఇష్టం లేకే ఎత్తలేదని వాదించాడు. గ్రీకు పండితులు చాలామంది పెదవి విరిచారు. పుస్తకం మాత్రం విపరీతంగా అమ్ముడుపోయింది. 1989 జూన్ 18న బోస్టన్‌లో గుండెపోటుతో స్టోన్ చనిపోయాడు.

వచ్చే భాగం మాస్కోలో. అక్కడ 1968లో నతాల్యా గోర్బనేవ్‌స్కయా అనే కవయిత్రి, తిరగేయడానికి ఏ సభా నివేదికా లేని దేశంలో, టైపు మిషను మీద కార్బన్ కాగితాలు పెట్టి ఒక పత్రిక మొదలుపెట్టింది. చందా లేదు, చిరునామా లేదు. అందుకున్న ప్రతి పాఠకుడూ మళ్లీ టైపు చేసి పంచాలి. అది పదిహేనేళ్లు ఎలా బతికిందో చూద్దాం.